గీత చూసి గుండె జారిందా? ముందు స్కేలు చూడండి!

పదో తరగతి లెక్కల పరీక్ష గుర్తుందా? గ్రాఫు గీసిన తర్వాత కాగితం పైమూల ‘స్కేలు: ఎక్స్ అక్షంపై 1 సెం.మీ. = 1 యూనిట్, వై అక్షంపై 1 సెం.మీ. = 10 యూనిట్లు’ అని రాసేవాళ్లం. అది రాయకపోతే గీత ఎంత చక్కగా వచ్చినా మాస్టారు మార్కులు కోసేవారు. బడి దాటాక ఆ మూలను మరచిపోయాం. ఇప్పుడు మళ్లీ గ్రాఫులు మన ఇంట్లోకి వచ్చేశాయి. బీపీ మిషను యాప్, చేతి వాచీ, ల్యాబు రిపోర్టు, పిల్లల బరువు కార్డు, చక్కెర చూసే సెన్సరు... అన్నీ గీతలే. ఆ గీత పైకి లేస్తే కంగారు, సాఫీగా ఉంటే నిశ్చింత. చాలాసార్లు ఈ రెండూ పొరపాటే కావొచ్చు. ఎందుకంటే గీత ఎంత నిటారుగా కనిపించాలన్నది మన ఒంట్లో వచ్చిన మార్పు ఒక్కటే నిర్ణయించదు. గ్రాఫు స్కేలు కూడా నిర్ణయిస్తుంది.

అవే అంకెలు.. రెండు కథలు

ఇంట్లో పెద్దాయన వారం రోజులు ఉదయం పూట బీపీ చూసుకున్నారనుకోండి. పైఅంకెలు వరసగా 128, 132, 127, 134, 130, 133, 129 వచ్చాయి. సగటు 130. ఫోనులోని యాప్ వీటిని గ్రాఫుగా చూపించింది. కొండలు, లోయలు! ఒకరోజు నేల మీద, మర్నాడు ఆకాశంలో. ‘నా బీపీ ఇలా ఎగిరెగిరి పడుతోందేంటి’ అని ఆయనకు రాత్రంతా నిద్ర లేదు.

నిజానికి జరిగిందేమిటి? యాప్ నిలువు గీతను 126 దగ్గర మొదలుపెట్టి 135 దగ్గర ఆపేసింది. మొత్తం గ్రాఫు ఎత్తు తొమ్మిది అంకెలే. ఆయన బీపీలో ఏడు అంకెల తేడా ఉంది కాబట్టి గీత దాదాపు కింది నుంచి పైదాకా పాకింది. గ్రాఫు ఎత్తు 10 సెం.మీ. అనుకుంటే గీత 7.8 సెం.మీ. మేర ఊగినట్టు. ఇవే ఏడు అంకెలను 80 నుంచి 200 వరకూ స్కేలు ఉన్న కాగితం మీద పెట్టి చూడండి. ఊగేది 6 మిల్లీమీటర్లే. దాదాపు సాఫీగా ఉన్న గీత కనిపిస్తుంది.

రెండు గ్రాఫుల్లో ఏది నిజం? రెండూ నిజమే. ఏ గ్రాఫూ అబద్ధం చెప్పలేదు. కానీ రక్తపోటు నడక, మాట, కాఫీ, నిద్ర, ఆదుర్దా.. వీటన్నింటినీ బట్టి రోజులో 5-10 అంకెలు అటూఇటూ అవుతూనే ఉంటుంది. ఆ సహజమైన కదలికను కొండలా చూపించే స్కేలు మనకు పనికిరాదు. ఇంట్లో చూసుకునే బీపీ సగటున 135/85 కన్నా తక్కువ ఉండాలన్నది సాధారణంగా పాటించే హద్దు. కొందరికి డాక్టరు ఇంకా తక్కువ లక్ష్యం పెడతారు. గ్రాఫులో చూడాల్సింది ఆ హద్దుకు మన అంకెలు ఎటు వైపున్నాయని. నిన్నటికీ ఈ రోజుకూ గీత ఎంత వంగిందని కాదు.

మరి యాప్‌లు ఇలా ఎందుకు గీస్తాయంటారా? వాటికి మీ బీపీ గురించి ఏమీ తెలియదు. ఇచ్చిన అంకెల్లో చిన్నదాన్ని కిందా, పెద్దదాన్ని పైనా పెట్టి తెర నిండేలా స్కేలును తమంతట తామే సర్దుకుంటాయి. అందుకే ఒక్క రోజు 165 వచ్చిందంటే చాలు, స్కేలు మొత్తం సాగిపోతుంది. నిన్నటిదాకా కొండలా ఉన్న పాత గీత ఈ రోజు చదునైపోతుంది. మీ పాత బీపీ మారలేదు, స్కేలు మారింది. బరువు చూపే యాప్‌లూ అంతే. నీళ్లు, ఉప్పు, భోజనం, మలబద్ధకం వల్ల కిలో దాకా బరువు మారటం మామూలే. 71 నుంచి 72 వరకే చూపే గ్రాఫులో అది ఉప్పెనలా ఉంటుంది. డైటింగ్ మొదలుపెట్టిన వాళ్లు రెండో వారంలోనే ‘ఇది నా వల్ల కాదు’ అని వదిలేయటానికి ఇలాంటి గీతలూ ఓ కారణం.

సున్నా నుంచి మొదలుపెడితే సరా?

‘అయితే ప్రతి గ్రాఫూ సున్నా నుంచి మొదలు కావాలి’ అని కొందరు నియమం పెట్టుకుంటారు. అదీ సరి కాదు. పిల్లవాడి జ్వరమే తీసుకోండి. మామూలుగా 98.6 డిగ్రీలు. ఇప్పుడు 102.6. తేడా నాలుగు డిగ్రీలే. సున్నా నుంచి 110 వరకూ స్కేలుతో 11 సెం.మీ. ఎత్తు గ్రాఫు గీస్తే నాలుగు డిగ్రీలంటే 4 మిల్లీమీటర్లు! పిల్లవాడు కాలిపోతుంటే గ్రాఫు మాత్రం ‘ఏమీ లేదు’ అంటుంది. 96 నుంచి 106 వరకే తీసుకుంటే 10 సెం.మీ. కాగితంపై అదే జ్వరం 4 సెం.మీ. లేస్తుంది. ఆసుపత్రి జ్వరం చార్టులు ఇలాగే ఉంటాయి. బతికున్న మనిషి ఒంటి వేడి సున్నా డిగ్రీలకు చేరదు కదా! దాన్ని చూపించి లాభం ఏముంది?

కాబట్టి మంచి స్కేలుకు గుర్తు ఒక్కటే. ఆరోగ్యానికి ముఖ్యమైన మార్పు పెద్దగా కనబడాలి. ముఖ్యం కాని మార్పు చిన్నగా కనబడాలి. అందుకే జ్వరానికి ఒక స్కేలు, బీపీకి ఒకటి, కిడ్నీ పరీక్షకు మరొకటి. అయితే గీతకు ఉన్న ఈ వెసులుబాటు కడ్డీల గ్రాఫుకు లేదు. కడ్డీలను మనం ఎత్తు చూసి పోల్చుకుంటాం కాబట్టి అవి సున్నా నుంచే మొదలుకావాలి. లేకపోతే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

సాఫీ గీత చాటున ముప్పు

కంగారు పెట్టే గ్రాఫు కన్నా ప్రమాదకరమైంది మరొకటుంది. అది నిద్రపుచ్చే గ్రాఫు. కిడ్నీల పనితీరు తెలుసుకోవటానికి చేసే క్రియాటినిన్ పరీక్ష దీనికి మంచి ఉదాహరణ.

మధుమేహం ఉన్న ఒక వ్యక్తికి ఏడాదికోసారి చేసిన పరీక్షల్లో క్రియాటినిన్ ఇలా ఉందనుకోండి: 2021లో 0.8, 2022లో 0.9, 2023లో 1.1, 2024లో 1.3, 2025లో 1.6. మొదటి మూడేళ్లూ రిపోర్టులో ‘నార్మల్’ అనే వస్తుంది. చాలా ల్యాబుల్లో మగవారికి పైహద్దు 1.2-1.3 దరిదాపుల్లోనే ఉంటుంది మరి. ఈ అయిదు అంకెలను సున్నా నుంచి 10 వరకూ ఉన్న స్కేలు మీద, 10 సెం.మీ. ఎత్తు కాగితంపై గుర్తిస్తే అయిదేళ్లలో గీత పైకి లేచేది 8 మిల్లీమీటర్లే! చూడ్డానికి బల్లపరుపుగా ఉంటుంది. ఇంట్లో అంతా ‘ఏం ఫర్వాలేదు, పాయింట్లలోనే తేడా’ అనుకుంటారు.

కానీ క్రియాటినిన్ తీరు వేరు. కిడ్నీలు రక్తాన్ని వడకట్టే సామర్థ్యం తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది. మిగతావన్నీ ఒకేలా ఉంటే క్రియాటినిన్ రెట్టింపు కావటమంటే వడపోత సుమారు సగానికి పడిపోవటం. అంటే 0.8 నుంచి 1.6కు చేరేసరికి ఈ వ్యక్తి కిడ్నీల పనితీరు అయిదేళ్లలో దాదాపు సగమైపోయింది! బల్లపరుపు గీత వెనక జరిగిన కథ ఇది. పైగా మొదట్లో వచ్చే చిన్న పెరుగుదలే పెద్ద నష్టానికి గుర్తు. 0.8 నుంచి 1.6కు పోవటంలో సగం పోతే, ఆ తర్వాత మిగిలిన దాంట్లో సగం పోవటానికి 1.6 నుంచి 3.2కు చేరాలి. గ్రాఫులో రెండోదే ఎక్కువ ఎత్తు కనిపిస్తుంది. అప్పుడు గానీ మేలుకోం. తొలి దశలో చక్కెర, బీపీలను అదుపు చేసుకుని, అవసరమైన మందులు వాడితే కిడ్నీలను కాపాడుకునే అవకాశం ఎక్కువ. సాఫీ గీతను నమ్ముకుని ఆ కాలాన్నే పోగొట్టుకుంటాం.

అందుకే ఇప్పుడు డాక్టర్లు క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్ఆర్ అనే లెక్కనూ చూస్తారు. వయసు, ఆడా మగా అన్నవి కలిపి వడపోత ఎంత జరుగుతోందో చెప్పే అంకె ఇది. ఇది మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువగానే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ సమస్యగా పరిగణిస్తారు. మీ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ ఉంటే గ్రాఫు దానితోనే గీసుకోండి. కండ తక్కువగా ఉన్న వృద్ధుల్లో క్రియాటినిన్ తక్కువగా కనిపించవచ్చు. కాబట్టి ఒక్క అంకెతో తీర్పు చెప్పుకోకుండా అయిదారేళ్ల రిపోర్టులన్నీ ఒకచోట పెట్టి డాక్టరుకు చూపించటం మేలు.

కింది గీతను కూడా చూడాలి

మన చూపంతా నిలువు గీత మీదే ఉంటుంది. కిందనున్న అడ్డ గీత, అంటే కాలాన్ని చూపే గీత కూడా అంతే ముఖ్యం. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ ఒకరికి 2022 మార్చిలో 6.6, 2024 మార్చిలో 6.9, 2024 జూన్‌లో 7.8 వచ్చిందనుకోండి. చాలా ల్యాబుల గ్రాఫుల్లో ఈ మూడు చుక్కలూ సమాన దూరంలో ఉంటాయి. చూస్తే ‘మెల్లగా పెరుగుతూ వచ్చింది, వయసుతో పాటు మామూలే’ అనిపిస్తుంది.

కానీ మొదటి రెండు పరీక్షల మధ్య 24 నెలలు, తర్వాతి రెండింటి మధ్య మూడే నెలలు! అడ్డ గీతను నెలల లెక్కన సరిగ్గా గీస్తే రెండేళ్లు దాదాపు నిలకడగా సాగిన గీత ఆఖరి మూడు నెలల్లో నిటారుగా లేస్తుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న మారిపోతుంది. ‘వయసు వల్లేనా?’ అని కాదు, ‘ఈ మూడు నెలల్లో ఏం జరిగింది?’ అని. మందులు మానేశారా? వేరే జబ్బుకు స్టిరాయిడ్లు వాడారా? రక్తహీనత వచ్చి పరీక్ష ఫలితమే తేడా చూపుతోందా? కారణం తెలిస్తేనే సరైన చికిత్స మొదలవుతుంది.

పిల్లల చార్టులో వంపు చూసి హడలొద్దు

అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఎదుగుదల చార్టు ఉంటుంది. ఇందులో గీతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాల ప్రకారం గీసినవి. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా.. ఈ ఆరు దేశాల్లో తల్లిపాలు తాగి, మంచి వాతావరణంలో పెరిగిన పిల్లలను కొలిచి వీటిని తయారుచేశారు. మన దేశంలో ఈ అధ్యయనం దక్షిణ దిల్లీలో జరిగింది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ చార్టులు వేర్వేరు.

ఈ చార్టు చూసి తల్లులు కంగారు పడే విషయం ఒకటుంది. ఏడాది దాకా గబగబా పైకి పోయిన గీత ఆ తర్వాత వంగిపోతుంది. ‘పాలు మాన్పించాక పిల్ల ఎదగటం లేదు’ అని అమ్మమ్మలూ అంటారు. కానీ చార్టులో ముద్రించిన మధ్య గీత కూడా అలాగే వంగుతుందని గమనించారా? ప్రమాణాల ప్రకారం ఆడపిల్ల మధ్యస్థ బరువు పుట్టినప్పుడు 3.2 కిలోలు, ఏడాదికి 8.9, రెండేళ్లకు 11.5, మూడేళ్లకు 13.9 కిలోలు. అంటే మొదటి ఏడాది 5.7 కిలోలు పెరిగిన పిల్ల రెండో ఏడాది పెరిగేది 2.6 కిలోలే. ఇది ఎదుగుదల ఆగిపోవటం కాదు, ఎదుగుదల తీరే అంత. ఇక్కడ బిడ్డ గీతను పోల్చాల్సింది కాగితం అంచుతో కాదు, పక్కనే ముద్రించిన వంపు గీతలతో.

మరో పొరపాటు.. మధ్య గీత మీద లేకపోతే బిడ్డ బలహీనమనుకోవటం. ఇద్దరు ఆడపిల్లలను చూడండి. ఏడాది నిండేసరికి ఇద్దరి బరువూ 7.9 కిలోలే. మొదటి పాప ఆర్నెల్లప్పుడు 6.4 కిలోలుంది. అప్పుడూ ఇప్పుడూ ఒకే గీత వెంట నడుస్తోంది. చార్టు భాషలో ఇది 15వ పర్సంటైల్. అంటే వందమంది ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఓ 15 మంది ఈ పాప కన్నా తక్కువ బరువుంటారు. పొడవూ అందుకు తగ్గట్టుండి, చురుగ్గా ఆడుతుంటే ఈ పాపకు సాధారణంగా ఇబ్బంది లేదు. రెండో పాప ఆర్నెల్లప్పుడు 7.3 కిలోలతో సరిగ్గా మధ్య గీత మీదుంది. ఇప్పుడు 15వ పర్సంటైల్‌కు జారింది. ఈమె బరువు తగ్గలేదు, నిజానికి 600 గ్రాములు పెరిగింది. అయినా డాక్టరుకు చూపించాల్సింది ఈ పాపనే. తిండి చాలటం లేదా, విరేచనాలు, ఇన్‌ఫెక్షన్లు తరచూ వస్తున్నాయా చూడాలి. బరువు అంకె ఒక్కటే అయినా కథలు రెండు. ఆ తేడాను పట్టిచ్చేది ముద్రించిన గీతలే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో మరో జాగ్రత్త అవసరం. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఇప్పుడు ఆరు నెలలైతే చార్టులో నాలుగో నెల దగ్గర గుర్తు పెట్టాలి. సాధారణంగా రెండేళ్ల వరకూ ఇలా వయసును సవరించుకుంటారు. పుట్టిన తేదీ నుంచి లెక్కేస్తే బాగానే ఎదుగుతున్న బిడ్డ కూడా వెనకబడ్డట్టు కనిపిస్తుంది.

ఈసీజీ: మూలనున్న చిన్న గుర్తే ప్రాణం

స్కేలును ఎవరూ ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని ప్రపంచమంతా ఒక మాట మీదున్న గ్రాఫు ఈసీజీ. మామూలుగా కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. ఒక చిన్న గడి 0.04 సెకను, అయిదు చిన్న గడుల పెద్ద గడి 0.2 సెకను. నిలువుగా 10 మిల్లీమీటర్లు ఒక మిల్లీవోల్టు. అందరూ ఇదే పాటిస్తారు కాబట్టే శ్రీకాకుళంలో తీసిన ఈసీజీని హైదరాబాద్‌లో డాక్టరు గడులు లెక్కపెట్టి చదవగలుగుతారు.

అయితే అలలు మరీ పెద్దవై ఒకదాని మీద ఒకటి పడుతుంటే స్కేలును సగానికి తగ్గించి తీస్తారు. అప్పుడు ఒక మిల్లీవోల్టుకు 5 మిల్లీమీటర్లే. అలాగే వేగాన్ని 50కి పెంచితే గుండె కొట్టుకునే వేగం సగమే ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ సంగతి తెలిపే అంకెలు కాగితం అంచున ఉంటాయి. పక్కనే తలుపు చట్రంలాంటి చిన్న గుర్తు కూడా ఉంటుంది. ఆ చట్రం ఎత్తు ఎంతో అదే ఒక మిల్లీవోల్టు.

ఇప్పుడు మనం చేసే తప్పేంటో చూడండి. నాన్నకు ఈసీజీ తీయగానే ఫొటో కొట్టి, అంచులు కత్తిరించి, మధ్యలో అలలు మాత్రం బాగా కనబడేలా పెద్దది చేసి వాట్సాప్‌లో బంధువుల డాక్టరుకు పంపిస్తాం. పోయింది సరిగ్గా స్కేలే! ఈసీజీ ఫొటో తీసేటప్పుడు నాలుగు అంచులూ, గడులూ, అంకెలూ, పేరు, సమయం అన్నీ పడేలా నిటారుగా తీయాలి. మరొక్క మాట. ఛాతీనొప్పి, చెమటలు, ఆయాసం ఉన్నప్పుడు ఫొటోలు పంపి జవాబు కోసం కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

లండన్ అబ్బాయి, విజయవాడ నాన్న

స్కేలులో మరో ముఖ్యమైన భాగం కొలమానం. మన దగ్గర రక్తంలో చక్కెరను డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు. అమెరికాలోనూ అంతే. బ్రిటన్‌లో లీటరుకు మిల్లీమోల్స్‌లో చెబుతారు. ఒకటి రెండోదిగా మారాలంటే 18తో గుణించాలి లేదా భాగించాలి. మన 126 వారికి 7. మన 180 వారికి 10. లండన్‌లోని అబ్బాయి నాన్నకు అక్కడి గ్లూకోమీటరు కొని పంపితే అందులో ‘7.8’ అని వస్తుంది. అది చూసి ‘చక్కెర ఏడుకు పడిపోయింది’ అని అమ్మ గాభరాగా గ్లూకోజు కలిపి ఇస్తుంది. నిజానికి ఆ 7.8 అంటే మన లెక్కలో 140.

హెచ్‌బీఏ1సీ కూడా అక్కడ వేరే అంకెల్లో ఉంటుంది. మన 6.5 శాతం వారికి 48, మన 7 శాతం వారికి 53. క్రియాటినిన్ 1 అంటే అక్కడ సుమారు 88. తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ పరీక్షలు చేయించుకుని తిరిగి వచ్చినప్పుడు రిపోర్టులను కలిపి గ్రాఫు గీసే ముందు కొలమానాలను ఒకటి చేసుకోవాలి. గీతలో ఒక్కసారిగా నమ్మశక్యం కాని ఎగుడో దిగుడో కనబడితే ముందు అనుమానించాల్సింది ఇదే.

రెట్ల స్కేలు: అంగుళానికి పది రెట్లు

2020లో కరోనా గ్రాఫులు గుర్తున్నాయా? కొన్నింట్లో నిలువు గీత మీద 10, 100, 1,000, 10,000 సమాన దూరంలో ఉండేవి. మామూలు స్కేలులో ఒక్కో మెట్టుకు ఇంత అని కూడతాం. ఇందులో ఒక్కో మెట్టుకు పది రెట్లు అవుతుంది. దీన్నే లాగ్ స్కేలు అంటారు. ఇలాంటి గ్రాఫులో గీత తిన్నగా పైకి పోతోందంటే కేసులు నిలకడగా ఉన్నాయని కాదు, నిర్ణీత రోజులకోసారి రెట్టింపు అవుతున్నాయని. చాలామంది ‘గీత వంకర లేదు కదా’ అని నిశ్చింతపడ్డారు.

ఇది కరోనాతో పోలేదు. హెపటైటిస్-బి ఉన్నవారికి వైరస్ లెక్క ఇలాగే చూస్తారు. చికిత్సతో వైరస్ 10 లక్షల నుంచి 10 వేలకు, అక్కడి నుంచి 100కు పడిపోయిందనుకోండి. మామూలు గ్రాఫులో మొదటి మెట్టు కొండ మీంచి దూకినట్టు ఉంటుంది, రెండోది కనిపించనే కనిపించదు. ‘మందు పనిచేయటం ఆగిపోయింది’ అనిపిస్తుంది. నిజానికి రెండుసార్లూ వంద రెట్లే తగ్గింది. లాగ్ స్కేలులో రెండు మెట్లూ సమానంగా కనబడతాయి. అందుకే రిపోర్టులో అసలు అంకె పక్కన ‘లాగ్’ అంకె కూడా ఇస్తారు.

వినికిడి పరీక్ష గ్రాఫు మరీ విచిత్రం. ఇందులో అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి. గీత కిందికి జారేకొద్దీ వినికిడి తగ్గుతున్నట్టు. డెసిబెల్ కూడా రెట్ల స్కేలే. 10 డెసిబెల్స్ పెరగటమంటే శబ్ద తీవ్రత పది రెట్లు కావటం. 20 డెసిబెల్స్ దగ్గర వినగలిగే మనిషికి ఇప్పుడు 50 కావాల్సి వస్తోందంటే తేడా 30 కాదు, వెయ్యి రెట్ల తీవ్రత! ‘ముప్పయ్యేగా’ అని వినికిడి యంత్రాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేసేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ప్రకటనల్లో కడ్డీలు

ఇక ప్రకటనల సంగతి. ఇది ఊహించి చెబుతున్న ఉదాహరణే. ఒక పొడి వాడితే 98 శాతం మందికి, మరోదానితో 96 శాతం మందికి మేలు జరిగిందని పక్కపక్కనే రెండు కడ్డీలు గీశారనుకోండి. స్కేలును 95 దగ్గర మొదలుపెడితే ఒక కడ్డీ ఎత్తు ఒకటి, రెండోది మూడు. చూసేవారికి మూడు రెట్లు మేలనిపిస్తుంది. ఉన్న తేడా వందమందిలో ఇద్దరే. కడ్డీలు సున్నా నుంచే మొదలుకావాలన్నది ఇందుకే.

కడ్డీకి బదులు సీసా బొమ్మ వేస్తే మాయ ఇంకా పెరుగుతుంది. రెట్టింపు అని చూపటానికి సీసా ఎత్తును రెట్టింపు చేస్తే వెడల్పూ రెట్టింపై కాగితంపై నాలుగు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. మన కన్ను చోటునే చూస్తుంది. ఈ కిటుకు తెలిసే ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలపై గీసిన ప్రసిద్ధ చిత్రంలో పొడవును కాకుండా వైశాల్యాన్నే మరణాల సంఖ్యకు తగ్గట్టు ఉంచారు. గాయాల కన్నా నివారించదగ్గ జబ్బులతోనే ఎక్కువమంది చనిపోతున్నారని ఆ చిత్రం నిజాయతీగా చూపించింది.

ఇంట్లో గ్రాఫు ఇలా గీసుకోండి

యాప్ మీద నమ్మకం కుదరకపోతే రెండు రూపాయల గ్రాఫు కాగితం చాలు. కొన్ని జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి.

* స్కేలును ముందే ఖాయం చేసుకోండి. బీపీకైతే 60 నుంచి 200 వరకూ తీసుకుంటే పైఅంకె, కిందిఅంకె రెండూ పడతాయి. నెలనెలా స్కేలు మార్చొద్దు. అదే ఉంటేనే ఈ నెల కాగితాన్ని పోయిన నెల కాగితం పక్కన పెట్టి పోల్చగలం.
* డాక్టరు చెప్పిన లక్ష్యం దగ్గర ఎర్ర రంగుతో అడ్డంగా ఒక గీత గీయండి. చుక్కలు దానికి ఎటు వైపున్నాయో చూస్తే చాలు.
* అడ్డ గీత మీద తేదీలకు సమానంగా చోటు వదలండి. చూసుకోని రోజులను ఖాళీగా ఉంచండి, దగ్గరికి జరపొద్దు.
* బీపీని రోజూ ఒకే వేళలో, అయిదు నిమిషాలు కూర్చున్నాక, రెండుసార్లు చూసి సగటు రాయండి.
* పరగడుపు చక్కెరను ఒక రంగుతో, తిన్న తర్వాతి చక్కెరను మరో రంగుతో గుర్తించండి. రెండింటినీ కలిపి ఒకే గీతగా గీస్తే అది రోజూ కొండలెక్కి దిగుతున్నట్టే ఉంటుంది.
* చక్కెర సెన్సరు వాడేవారు ఒక్కో శిఖరాన్ని చూసి బాధపడొద్దు. మధుమేహం ఉన్న చాలామంది పెద్దలకు రోజులో 70 శాతానికి పైగా సమయం 70-180 మధ్య ఉండటం లక్ష్యం. వృద్ధులకు, గర్భిణులకు ఈ లక్ష్యాలు వేరు.
* బరువు వారానికోసారి చాలు. స్కేలు కనీసం 10 కిలోల మేర ఉండేలా చూసుకోండి.
* మందు మార్చిన రోజు, జ్వరం వచ్చిన రోజు, పెళ్లి భోజనం చేసిన రోజు చిన్న గుర్తు పెట్టండి. గీత ఎందుకు కదిలిందో డాక్టరుకు అర్థమవుతుంది.

గ్రాఫు కనబడగానే అయిదు ప్రశ్నలు

1. నిలువు గీత ఏ అంకె దగ్గర మొదలై ఏ అంకె దగ్గర ముగుస్తోంది?
2. ఒక్కో మెట్టుకు ఇంత అని పెరుగుతోందా, ఇన్ని రెట్లు అని పెరుగుతోందా? పైకి పోవటం మంచిదా, చెడ్డదా?
3. కింద తేదీల మధ్య దూరం నిజమైన కాలానికి తగ్గట్టుందా?
4. కొలమానం ఏమిటి? పాత రిపోర్టుదీ ఇదీ ఒకటేనా?
5. ఈ మార్పు రోజూ ఉండే సహజమైన కదలికా, అంతకు మించిందా?

ఈ అయిదింటికీ జవాబు దొరికాకే గీత వంక చూడండి. అప్పుడు సగం కంగార్లు అక్కడికక్కడే తగ్గిపోతాయి. ‘పాయింట్లలోనే తేడా’ అని పక్కన పడేసిన రిపోర్టు ఒకటి మళ్లీ చేతిలోకి రావొచ్చు కూడా. అలాంటిది కనబడితే పాత రిపోర్టులన్నీ తీసుకుని ఈ వారమే డాక్టరును కలవండి. ఒంట్లో బాగా లేనప్పుడు మాత్రం గ్రాఫు ఎంత సాఫీగా ఉన్నా ఒంటి మాటే వినాలి.